తొక్క, టెంక, పిప్పి: కోలారు పంట వ్యర్థాలతో ఆహార ప్యాకింగ్ పొరలు

తినుబండారాలను చుట్టే పారదర్శకమైన పొర మొదట పుట్టింది మొక్క నుంచే. స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రజ్ఞుడు జాక్ బ్రాండెన్‌బర్గర్ కలప గుజ్జులోని సెల్యులోజును కరిగించి, పలుచని పొరగా మళ్లీ గట్టిపరిచే పద్ధతికి 1912లో పేటెంట్ తీసుకున్నాడు. అదే సెలోఫేన్. మిఠాయిలు చుట్టడానికి అది ముచ్చటగానే ఉండేది గానీ తేమను ఆపలేకపోయేది. 1927లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో విలియం హేల్ చార్చ్ దాని మీద నైట్రోసెల్యులోజ్, మైనం కలిపిన పూత వేసి ఆ లోపం తీర్చాడు. అప్పటి నుంచే సెలోఫేన్ అన్ని రకాల తినుబండారాలకూ పనికొచ్చింది. తర్వాత చవకగా దొరికిన పాలిథిన్ దాన్ని పక్కకు నెట్టేసింది. ఇప్పుడు పంట వ్యర్థాలతో పొరలు తీస్తున్న ప్రయోగశాలలకు ఎదురవుతున్నదీ చార్చ్‌కు ఎదురైన చిక్కే. మొక్క పదార్థాల్లో చాలావాటికి నీటితో పొత్తు ఎక్కువ.

పొర తీయడానికి పనికొచ్చేవి మొక్కలో నాలుగైదు పదార్థాలే. గింజల్లో, దుంపల్లో ఉండే పిండి పదార్థం ఒకటి. పండ్ల తొక్కల్లో కణాలను అంటిపెట్టి ఉంచే పెక్టిన్ రెండోది. కాండాల్లో, పీచులో ఉండే సెల్యులోజ్ మూడోది. కొన్ని గింజల్లో ప్రోటీన్ కూడా పొర కడుతుంది. ఇవన్నీ నీటిని పీల్చుకునేవే. వీటికి భిన్నమైనది క్యూటిన్. ఆకుల మీద, పండ్ల తొక్కల మీద నీరు నిలవకుండా జారిపోయేలా చేసే సహజమైన పాలిఎస్టర్ ఇది. దేనితో పొర తీస్తారన్న దాన్ని బట్టే అది ఏ సరుకుకు పనికొస్తుందో తేలుతుంది. అయితే ఏ ఊళ్లో ఏ వ్యర్థం, ఏ నెలలో, ఎవరి గుమ్మం ముందు పోగుపడుతుందన్నది అంతకన్నా ముందు తేలాలి. పరిశోధన పత్రాలు ఈ రెండో సంగతిని ఒక్క వాక్యంతో దాటేస్తాయి. కర్ణాటకలోని కోలారు జిల్లాను ఉదాహరణగా తీసుకుంటే అసలు కథంతా అక్కడే ఉందని కనబడుతుంది.

ఆ జిల్లాలోని రాబర్ట్‌సన్‌పేట పేరు చెబితే బంగారు గనులు గుర్తుకొస్తాయి. ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఊరి చుట్టూ జిల్లా మాత్రం ఎప్పటిలాగే పొలాల మీదే బతుకుతోంది. శ్రీనివాసపురం తాలూకా మామిడికి పెట్టింది పేరు. కోలారు ఏపీఎంసీ యార్డు దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి. మల్బరీ తోటలు, రాగి చేలు, పాడి జిల్లా అంతటా ఉన్నాయి. ఊరూరా తెలుగు వినబడే ఈ సరిహద్దు ప్రాంతంలో పంట ఒక రాష్ట్రంలో పండి, గుజ్జు మరో రాష్ట్రంలో తయారవుతుంది. తోతాపురి మామిడి తోటల్లోంచి కాయలు కొని పోగుచేసే ర్యాంపులకు, అక్కడి నుంచి లారీల్లో చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకు చేరుతుంది. తమిళనాడులోని కృష్ణగిరి వైపు కూడా ఇలాంటి ఫ్యాక్టరీలే ఉన్నాయి. అంటే కోలారు మామిడి తొక్కలో పెద్ద భాగం కోలారులో ఉండదు.

ఈ బంధం ఎంత గట్టిదో, ఎంత సున్నితమైనదో 2025 జూన్‌లో బయటపడింది. ధర పడిపోయి చిత్తూరు రైతులు గగ్గోలు పెడుతుంటే, కర్ణాటక తోతాపురి తమ జిల్లాలోకి రాకూడదని జూన్ 7న అక్కడి యంత్రాంగం ఆంక్ష పెట్టింది. శ్రీనివాసపురంలో రైతులు బంద్ చేశారు. కర్ణాటక ముఖ్యమంత్రి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. చివరికి మార్కెట్ జోక్య పథకం కింద కర్ణాటకలో రెండున్నర లక్షల టన్నుల వరకు, క్వింటాలుకు 1,616 రూపాయల జోక్య ధర లెక్కన రైతులకు ఆసరా ఇవ్వడానికి కేంద్రం ఒప్పుకుంది. ఆ రోజుల్లో తోటల్లోనే రాలి కుళ్లిపోయిన కాయ, ఫ్యాక్టరీ వెనక పోగుపడే తొక్క ఒకటి కావు. మొదటిది ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉండే వ్యర్థం. రెండోది ఒకే చోట, ఒకే రకంగా, రోజూ టన్నుల్లో వచ్చే ముడిసరుకు. పొరలు తీసే పరిశ్రమ నిలబడాలంటే ఈ రెండోదే కావాలి.

టమోటా పరిస్థితి ఇంకో రకం. 2023 జూలైలో కోలారు మార్కెట్లో 15 కిలోల బాక్సు 2,000 రూపాయలు దాటింది. మరో ఏడు అదే బాక్సు కోత కూలికి కూడా చాలక రోడ్డు మీద పారబోయడం చూస్తాం. ధర ఉన్నప్పుడు వ్యర్థమే ఉండదు, ధర లేనప్పుడు పంటంతా వ్యర్థమే. ఇటువంటి సరుకు మీద ఆధారపడి ఏ యంత్రమూ ఏడాది పొడుగునా నడవదు. పైగా కోలారు టమోటా చాలావరకు పచ్చిగా అమ్ముడుపోయేదే. సాస్ ఫ్యాక్టరీలో తొక్క, గింజ వేరుపడినప్పుడు మిగిలే పిప్పి ఇక్కడ తక్కువ.

ఇక రాగి గడ్డి, మల్బరీ కొమ్మలు. పరిశోధకుల జాబితాల్లో ఇవి సెల్యులోజ్ వ్యర్థాలు. కోలారు రైతుకు రాగి గడ్డి ఆవుల మేత, మల్బరీ పుల్ల పొయ్యిలోకి కట్టె. పాల కేంద్రంలో డబ్బు చేతికొచ్చే జిల్లాలో రాగి వామిని వ్యర్థం అనడం పుస్తకం చదివి చెప్పే మాట. దాన్ని కొని పొర తీయాలంటే ముందు పశువు మేతతో ధరలో పోటీ పడాలి.

అందువల్ల ఈ ప్రాంతానికి నిజంగా తగిన ముడిసరుకు మామిడి తొక్క, మామిడి టెంక. పండు బరువులో తొక్క, టెంక కలిపి రకాన్ని బట్టి మూడో వంతు నుంచి సగం దాకా పోతాయి. ఎండిన తొక్కలో నూటికి 10 నుంచి 20 వంతులు పెక్టిన్. టెంక పగలగొడితే వచ్చే జీడిలో, ఎండిన బరువులో సగానికి పైగా పిండి పదార్థం, పదో వంతు దాకా కొవ్వు, చెప్పుకోదగినంత టానిన్ ఉంటాయి. ఒక టన్ను తోతాపురిని ఫ్యాక్టరీలో పోస్తే పచ్చి తొక్క సుమారు 150 కిలోలు, ఎండితే 40 కిలోల లోపు, అందులోంచి పెక్టిన్ ఐదారు కిలోలు రావచ్చు. జీడి నుంచి పిండి మరో 20, 25 కిలోలు. లెక్క చూస్తే తొక్క కన్నా టెంకే బరువైన ఆస్తి. ఫ్యాక్టరీల చుట్టూ గుట్టలుగా కనిపించేదీ అదే. కొంత నర్సరీలకు అంట్ల మొక్కల కోసం, కొంత పొయ్యిలోకి పోతుంది.

తొక్క నుంచి పెక్టిన్ తీయడం పాత విద్యే. ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు అన్రీ బ్రాకోనో 1825లో ఆ పదార్థానికి పేరు పెట్టాడు. ఈనాడు ప్రపంచ మార్కెట్లో దొరికే పెక్టిన్ ఎక్కువగా నిమ్మజాతి తొక్కల నుంచి, ఆపిల్ పిప్పి నుంచి వస్తుంది. మామిడి తొక్కకూ అదే దారి. ఆమ్లం కలిపిన నీటిలో 80, 90 డిగ్రీల వేడిలో గంటసేపు ఉడికించి, వడగట్టి, ఆ ద్రావణంలో ఆల్కహాల్ పోస్తే పెక్టిన్ తీగలు తీగలుగా విరిగి పైకి తేలుతుంది. జీడి విషయంలో తడిగా రుబ్బి, పలుమార్లు నీళ్లు మార్చి తేర్చితే పిండి అడుగుకు చేరుతుంది. టానిన్ వల్ల పిండికి గోధుమ రంగు వస్తుంది. తెల్లగా రావాలంటే సల్ఫైట్ కలిపిన నీటిలో కడగాలి. రంగు ఉంటే ఉండనీ అనుకుంటే ఒక లాభం ఉంది. ఆ టానిన్లు ఆక్సిజన్‌తో జరిగే చెడుపును నెమ్మదిస్తాయి కాబట్టి నూనె పదార్థాలు చుట్టే పొరలో అవి మిగలడమే మేలు.

పొర తీసే పని చూడటానికి వంటింటి పనిలా ఉంటుంది. నూరు పాళ్ల నీటిలో నాలుగైదు పాళ్ల పిండి కలిపి, కలియబెడుతూ 80 డిగ్రీలు దాటేవరకు వేడి చేస్తే అంబలిలా చిక్కబడుతుంది. అందులో పిండి బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా గ్లిజరాల్ కలుపుతారు. గ్లిజరాల్ లేకపోతే ఆరిన పొర అప్పడంలా పెళుసుగా విరిగిపోతుంది. ఎక్కువైతే చేతికి జిగురుగా అంటుతుంది, సాగి సాగి చిరుగుతుంది. బుడగలు పోయేదాకా ఆగి, ఆ ద్రవాన్ని నున్నని ట్రేలో సమంగా పోసి 40, 50 డిగ్రీల గాలిలో రాత్రంతా ఆరబెడితే మర్నాటికి అంచు దగ్గర గోరుతో లేపి లాగదగ్గ పొర తయారవుతుంది. వేళ్ల మధ్య నలిపితే బటర్ పేపరులా చిరుశబ్దం చేస్తుంది. వానాకాలంలో అదే పొరను బల్ల మీద వదిలేస్తే సాయంత్రానికి మెత్తబడి ఆ శబ్దం కూడా పోతుంది.

పరిశోధన పత్రాల్లో అత్యధికం ఈ ట్రే పద్ధతి మీదే రాసినవి. ఫ్యాక్టరీకి అది పనికిరాదు. కారణం నీరే. నాలుగు శాతం ద్రావణంతో ఒక కిలో పొర తీయాలంటే 24 కిలోల నీటిని ఆవిరి చేయాలి. నీటి ఆవిరికి కావలసిన వేడిని లెక్కగడితే, నష్టాలు పక్కన పెట్టినా, అది 15 యూనిట్ల కరెంటుకు సమానం. పాలిథిన్ గుళికలను కరిగించి గొట్టంలా ఊది పొర తీసే యంత్రానికి కిలోకు ఒక యూనిట్‌కు అటూ ఇటూగా సరిపోతుంది. అందుకే పరిశ్రమ చేయదగ్గ పద్ధతి వేరు. పిండిని తక్కువ నీటితో, గ్లిజరాల్‌తో కలిపి స్క్రూ యంత్రంలో వేడి, ఒత్తిడి ఇచ్చి కరిగిన ముద్దలా మార్చాలి. దీన్నే థర్మోప్లాస్టిక్ స్టార్చ్ అంటారు. అలా మార్చిన పిండి ఒక్కటే బలంగా ఉండదు. దానికి మరో పాలిమర్‌ను కలపక తప్పదు.

టమోటా తొక్కలోని క్యూటిన్ కథ నీటి సమస్యకు మరో వైపు నుంచి వచ్చిన జవాబు. ఇటలీలో పార్మా ప్రాంతం టమోటా డబ్బాల పరిశ్రమకు కేంద్రం. అక్కడి ఆహార పరిశోధన కేంద్రం పాలుపంచుకున్న బయోకోపాక్ ప్రాజెక్టు 2011 తర్వాత చేసిన పని పొర తీయడం కాదు. టమోటా తొక్కను క్షారంలో ఉడికించి క్యూటిన్‌ను విడదీసి, దానితో డబ్బాల లోపలి పూత తయారుచేశారు. ఇంతకాలం బిస్ఫినాల్-ఏ ఆధారిత రెసిన్లు చేస్తున్న పనికి ప్రత్యామ్నాయం అది. టమోటా డబ్బాకు టమోటా తొక్కే పూత కావడంలో ఒక అందం ఉంది, అంతకు మించి ఒక వివేకం ఉంది. డబ్బా బలాన్ని లోహానికే వదిలేసి, నీటిని, ఆమ్లాన్ని ఆపే పని మాత్రమే క్యూటిన్‌కు అప్పగించారు. టన్ను టమోటాకు రెండు మూడు కిలోల క్యూటిన్ కన్నా రాదు కాబట్టి, మైక్రాన్లలో వేసే పూతకే ఆ లెక్క కుదురుతుంది.

వేరుచేయడం, శుద్ధి చేయడం అనే ఖర్చంతా దేనికి, వ్యర్థాన్ని వ్యర్థంగానే పొర చేయలేమా అన్న ప్రశ్న కూడా వచ్చింది. ఇటలీలోనే జెనోవా నగరపు పరిశోధకులు 2014లో పాలకూర, పార్స్లీ కాడలు, వరి ఊక, కోకో తొక్కలను ఒక బలమైన ఆమ్లంలో కరిగించి నేరుగా ప్లాస్టిక్‌లా ఆరబెట్టారు. ఆ ఆమ్లం ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం. తినే వస్తువు దరిదాపుల్లోకి రానివ్వకూడనిది. తర్వాత అదే బృందం పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లపు నీటితో క్యారెట్, కాలీఫ్లవర్ వ్యర్థాలను పొరగా మార్చింది. అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో తారా మెక్‌హ్యూ బృందం 1990లలోనే పండ్ల గుజ్జును పరిచి తినదగ్గ పొరలు తీసింది. మామిడి తాండ్ర తెలిసిన వాళ్లకు అందులో ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు. పొరపొరగా పోసి ఎండబెట్టే తాండ్ర కూడా పెక్టిన్, చక్కెర కలిసి కట్టిన పొరే. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో వ్యవసాయ వ్యర్థాల నుంచి తీసిన సెల్యులోజ్‌ను ఆముదంతో కలిపి సాగే షీట్లు చేశారు. ఆముదం నీటిని దూరం పెడుతుంది కాబట్టి ఈ కలయికకు అర్థముంది.

ఇక పనితీరు. పిండి పొరలోంచి నీటి ఆవిరి పాలిథిన్ కన్నా వంద రెట్లకు పైగా వేగంగా దాటిపోతుంది. ఆక్సిజన్ విషయంలో మాత్రం లెక్క తిరగబడుతుంది. గాలి పొడిగా ఉన్నంతసేపు పిండి, పెక్టిన్ పొరలు ఆక్సిజన్‌ను పాలిథిన్ కన్నా ఎంతో గట్టిగా ఆపుతాయి. నూనెను కూడా పీల్చవు. ఈ రెండు గుణాలను పక్కపక్కన పెట్టుకుంటేనే ఏ ప్యాకెట్టు కుదురుతుంది, ఏది కుదరదు అన్నది తేలుతుంది. రాబర్ట్‌సన్‌పేట బజారులో ఒక సాయంత్రం చేతులు మారే సరుకులనే చూడవచ్చు. వేడి ఇడ్లీ కింద పిండి పొర నిమిషాల్లో కరిగి ఇడ్లీకే అతుక్కుంటుంది. చట్నీకి అసలు పనికిరాదు. అరలీటరు నందిని పాల ప్యాకెట్టు 50, 60 మైక్రాన్ల పాలిథిన్‌తో సులువుగా చేసే పనిని మొక్క పొర ఏ రూపంలోనూ చేయలేదు. మురుకులు, వేయించిన పల్లీలు, కారప్పూస లాంటివాటికి నూనె కంపు కొట్టకుండా లోపలి పొరగా బాగా పనికొస్తుంది, పైన తేమను ఆపే కాగితమో మైనపు పూతో ఉంటే. బజ్జీలు న్యూస్ పేపర్లో చుట్టి ఇవ్వకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధన 2018లోనే వచ్చింది. నూనె పీల్చని పెక్టిన్ పూత వేసిన కాగితానికి అక్కడ చోటుంది.

నీటి బలహీనతను తగ్గించే ఉపాయాలు లేకపోలేదు. పెక్టిన్ పొరను కాల్షియం క్లోరైడ్ ద్రావణంలో ముంచితే గొలుసులు ఒకదానికొకటి ముడిపడి నీటిలో కరగడం తగ్గుతుంది. సిట్రిక్ ఆమ్లంతో పిండిని వేడి చేసినా ముడులు పడతాయి. నానో పరిమాణంలోని సెల్యులోజ్ పీచు కలిపితే బలం పెరుగుతుంది. మామిడి జీడి కొవ్వునో, మైనాన్నో సన్నగా చిలికి కలిపినా, పూతగా వేసినా ఆవిరి నెమ్మదిస్తుంది. వీటిలో ఏదీ పొరను పాలిథిన్ చేయదు. ప్రతిదీ ఒక ఖర్చు, ఒక అదనపు మెట్టు.

భద్రత వైపు చూస్తే, వ్యర్థం నుంచి వచ్చింది కాబట్టి నిరపాయం అనుకోవడానికి వీల్లేదు. మామిడి తొక్కలో జీడిమామిడి కుటుంబానికి సహజమైన రెసార్సినాల్ పదార్థాలుంటాయి. సొన తగిలిన చోట పెదవులు, చర్మం పుండ్లు పడేది వీటి వల్లే. పురుగు మందుల అవశేషాలు నిలిచేదీ పండు లోపల కన్నా తొక్క మీదే ఎక్కువ. ఉడికించడం, ఆల్కహాల్‌తో కడగడం వల్ల ఇవి చాలావరకు పోతాయి. తొక్కను నేరుగా పొడి చేసి కలిపే పద్ధతిలో పోవు. భారతీయ నిబంధనల ప్రకారం ఆహారాన్ని తాకే ప్లాస్టిక్ నుంచి సరుకులోకి దిగే పదార్థాలు కిలోకు 60 మిల్లీగ్రాములు మించకూడదు. పరీక్షలో ఒక భాగం నీటితోనే జరుగుతుంది. నీటిలో కరిగే పొరకు ఆ పరీక్ష పెడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. తినదగ్గ పొర అని అనుమతి అడగడం, లేదా పొడి సరుకుకే పరిమితమని చెప్పడం తప్ప తయారీదారుకు దారి లేదు.

ప్యాకెట్టు పారేశాక ఏమవుతుందన్న దానిలో మాటల గారడీ ఎక్కువ. కర్ణాటక 2016 మార్చిలోనే ప్లాస్టిక్ సంచులను, ప్లేట్లను నిషేధించింది. కేంద్రం 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే కొన్ని వస్తువులను నిషేధించి, కంపోస్టబుల్ ప్లాస్టిక్‌కు మినహాయింపు ఇచ్చింది. ఆ పేరు పెట్టుకోవాలంటే ఐఎస్ 17088 ప్రమాణం తట్టుకోవాలి. అంటే 58 డిగ్రీల ప్రాంతంలో నడిచే కంపోస్టు గుట్టలో ఆరు నెలల్లోపు నూటికి 90 వంతులు కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. చిన్న పట్టణాల చెత్తకుప్పలో ఆ వేడి ఉండదు. మొక్కజొన్న పిండి సంచి అని అమ్మేవాటిలో చాలా భాగం పీబీఏటీ అనే పాలిఎస్టర్. పెట్రోలియం నుంచి వచ్చినా కుళ్లే గుణమున్న పదార్థం అది. 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూల కోసం డీఆర్‌డీఓ హైదరాబాద్ ప్రయోగశాల రూపొందించిన సంచుల కౌంటరు తెరిచారు. మొక్కజొన్న పిండితో చేసినవని, మూడు నెలల్లో కుళ్లిపోతాయని చెప్పారు. ఆ సంచి మంచి పనే, కానీ మొక్కజొన్న పంట, వ్యర్థం కాదు. పూర్తిగా పిండి, పెక్టిన్‌తో తీసిన పొరలు తడి మట్టిలో వారాల్లోనే కలిసిపోతాయి. వాటి బలహీనతకూ ఈ గుణానికీ మూలం ఒకటే.

ఇక ఖర్చు. తోతాపురి గుజ్జు పని జూన్, జూలై నెలల్లో ఉధృతంగా నడిచి ఆగుతుంది. పచ్చి తొక్క రెండు రోజుల్లో పులుస్తుంది. ఏడాదంతా నడిచే యూనిట్‌కు ఆ రెండు నెలల్లోనే మొత్తం ముడిసరుకు ఎండబెట్టి నిలవ చేయాలి. అదీ నైరుతి వానలు పడే రోజుల్లో, ఎండ మీద ఆధారపడకుండా. ఫ్యాక్టరీ బాయిలర్ నుంచి వృథాగా పోయే వేడి ఉన్న చోటే ఇది గిట్టుబాటవుతుంది. కాబట్టి తొక్క ఎండబెట్టే పని గుజ్జు ఫ్యాక్టరీ ఆవరణలోనే జరగాలి, లారీ ఎక్కాల్సింది ఎండిన సరుకే.  

టెంకను ముందుగా కొవ్వు కోసం, తర్వాత పిండి కోసం వాడటం తెలివైన వరస. మామిడి జీడి కొవ్వు కోకో వెన్నకు దగ్గరి గుణాలున్నది. యూరోపియన్ యూనియన్ చాక్లెట్‌లో అయిదు శాతం దాకా కలపనిచ్చే ఆరు కొవ్వుల్లో అదొకటి. కొవ్వు తీసిన పిప్పిలోనే పిండి మిగిలి ఉంటుంది కాబట్టి దాని ధరలో ఎక్కువ భాగం కొవ్వు మోస్తుంది. అలాగే తొక్క పెక్టిన్ జామ్ తయారీకి, మందుల పరిశ్రమకు అమ్ముడుపోయేంత శుద్ధంగా వస్తే దాన్ని పొరగా చుట్టి పారేయడం దుబారా. ఆ స్థాయికి రాని రెండో రకం పెక్టిన్, రంగు పోని పిండి, ఇవే కాగితం పూతలకూ పొరలకూ మిగలాలి. 1950 నుంచి మైసూరులో నడుస్తున్న కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో పండ్ల ప్రాసెసింగ్, ప్యాకింగ్ రెండు విభాగాలూ ఉన్నాయి. కోలారు, చిత్తూరు ఫ్యాక్టరీలకు అది కొన్ని గంటల ప్రయాణం.

కోలారు రైతుకు నేరుగా ఉపయోగపడగలది పొర కన్నా పూత. పచ్చి మామిడి మీద, ఉత్తరాదికి రోజుల తరబడి లారీలో ప్రయాణించే టమోటా మీద, పెక్టిన్‌లో కాస్త జీడి కొవ్వు చిలికిన ద్రవాన్ని చిమ్మి ఆరనిస్తే కాయ ఊపిరి నెమ్మదించి, నీరు పోవడం తగ్గి, మగ్గడం కొన్ని రోజులు వెనక్కి జరుగుతుంది. ఇందులో 24 కిలోల నీరు ఆవిరి చేసే పని లేదు. కాయకు పట్టే పూత గ్రాముల్లోనే ఉంటుంది. పూత మరీ మందమైతే లోపల ఆక్సిజన్ అందక కాయ పులిసిన వాసన వేస్తుంది. కాబట్టి రకాన్ని బట్టి, వేడిని బట్టి మందం మార్చుకోవాలి. మార్కెట్‌లో కాయలను రకాలవారీగా వేరుచేసే బల్ల దగ్గరే ఈ పని కుదురుతుంది. బాక్సుల్లో నింపాక కుదరదు.